కంప్రెసర్‌ని చంపేది ఎండ కాదు, మీ గది!

ఎండ కాదు! మళ్లీ చెప్తున్నా, మీ కంప్రెసర్‌ని, అంటే ఫ్యాక్టరీకి గాలిని నొక్కి పంపే మిషన్‌ని, ట్రిప్ చేస్తోంది (వేడెక్కి దానంతటదే ఆగేలా చేస్తోంది) ఎండ కాదు, దాన్ని పెట్టిన గది!

పోయిన వీడియోలో చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కంప్రెసర్ రోజూ మధ్యాహ్నం ఆగిపోతోందని చూపించా కదా. సగం మంది "కత్తిరి ఎండలన్నా, ఏం చేస్తాం" అని కామెంట్ పెట్టారు. మిగతా సగం "మిషనే నాసిరకం" అన్నారు. రెండూ ఒప్పుకోను.

ఆ గదిలోకి నేనే వెళ్లా. బయట నీడలో 42. మిషన్ గాలి పీల్చుకునే జాలీ దగ్గర థర్మామీటర్ పెడితే 51! ఆ తొమ్మిది డిగ్రీలు సూర్యుడు తెచ్చాడా?

లెక్క చూడండి. ఇలాంటి స్క్రూ కంప్రెసర్ (లోపల తిరిగే రెండు మరలతో గాలిని నొక్కే రకం) తినే కరెంటులో 90 శాతానికి పైగా వేడిగానే బయటికొస్తుంది. 50 హెచ్‌పీ మిషన్ అంటే దాదాపు 37 కిలోవాట్లు. అంటే 2 కిలోవాట్ల గీజర్లు పదహారు ఆన్ చేసి తలుపు మూసినట్టు! ఆ వేడిని బయటికి తోసే డక్ట్, అంటే రేకు గొట్టం, లేదు. రేకుల కప్పుకి తగిలి, గోడ వెంబడి దిగి, మళ్లీ అదే జాలీలోకి పోతోంది. విడిచిన ఊపిరే మళ్లీ పీల్చుకుంటోంది! మిషన్ లోపల తిరిగే ఆయిల్ వేడి 110 డిగ్రీల దగ్గరికి పోతే ట్రిప్ కాక ఏమవుతుంది?

ఆ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ మిషన్‌లోనే ఉంటుంది, దాని రెక్కల మీద వేలు పెట్టి రుద్దా. ఆయిలూ దుమ్మూ కలిసి కంబళిలా ఊడొచ్చింది. దానికి తోడు మిషన్ డోర్లు తీసేసి పెడస్టల్ ఫ్యాన్ పెట్టారు. వద్దన్నా! డోర్లు మూసి ఉంటేనే లోపలి ఫ్యాన్ గాలి కూలర్ మీదుగా పోతుంది. రేణిగుంటలో ఇంకొకరు ఏకంగా నీళ్ల ఎయిర్ కూలర్ పెట్టారు. ఆ తేమంతా లోపలికి పోయి, గాలి ట్యాంకులో నీళ్లు, గాలిలో తేమ తీసే డ్రయర్‌కి భారం.

మిషన్ ఆగితే గాలి లేదు. గాలి లేకపోతే గాలితో నడిచే వాల్వులు కదలవు, గుజ్జు లైన్ ఆగుతుంది. గేటు బయట తోతాపురి కాయ లారీల్లోనే మగ్గిపోతుంది. రైతు ఏం పాపం చేశాడు? నాకు మండేది అక్కడే!

వేడి గాలికి పైనుంచి బయటికి డక్ట్ కట్టండి. చల్లగాలికి నీడ వైపు, కింద జాలీ పెట్టండి. కూలర్ రెక్కలు ఈ వారమే ఊదించండి. రేపు మధ్యాహ్నం రెండింటికి మీ జాలీ దగ్గర ఎంతుందో, బయట నీడలో ఎంతుందో చూసి, రెండు అంకెలూ కింద కామెంట్లో పెట్టండి.