రంగా గారికి దండలు చాలు, సభలో ఆయన అన్నవి చదువుదాం

(నవంబరు 7న ఆచార్య ఎన్.జి. రంగా జయంతి సభలో, నిడుబ్రోలులో చేసిన ప్రసంగం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, వరి కోతల ముందు హడావిడిలో కూడా వీలు చేసుకుని వచ్చిన రైతు సోదరులకు, వెనక వరసల్లో ఫోన్లు చూసుకుంటున్న విద్యార్థులకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలి గానీ ఇప్పటికే ఇద్దరు చెప్పారు. నేను కూడా మొదలుపెడితే నాకిచ్చిన సమయం దానికే అయిపోతుంది.

పొద్దున విగ్రహానికి దండలు వేశాం. రైతు బాంధవుడన్నాం. 1900లో ఈ ఊళ్ళోనే పుట్టారని, ఆక్స్‌ఫర్డులో చదివారని, 1930లో కేంద్ర శాసనసభలో అడుగుపెట్టి మధ్యలో కొన్ని విరామాలున్నా 1991 దాకా చట్టసభల్లో ఉన్నారని, గిన్నిస్ బుక్కుకెక్కారని చెప్పుకున్నాం. అన్నీ నిజమే. అయితే అన్నేళ్ళు ఆ సభల్లో కూర్చుని ఆయన ఏం మాట్లాడారయ్యా అని నేను ఎవర్నడిగినా ఒకటే సమాధానం: "రైతుల గురించండి." రైతుల గురించి ఏమన్నారు? ఎవరికి ఎదురుగా అన్నారు? అక్కడ ఆగిపోతాం.

నా కడుపుమంట ఒకటుంది, చెప్పేస్తాను. నేను కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో ఒక లైబ్రరీకి వెళ్ళేవాణ్ణి, పేరెందుకులెండి. పార్లమెంటు చర్చల సంపుటాలు రెండు బీరువాల నిండా ఉండేవి. వేసవి సెలవుల తర్వాత వెళ్తే బీరువాలు ఖాళీ. చెదలు పట్టిందని కాటా వేసి అమ్మేశారట. చెద పట్టింది కింది అరకే. అమ్మింది మొత్తం! ఎవరూ చదవట్లేదు కదా మాస్టారూ, అని అక్కడి ఉద్యోగి నన్నే ఓదార్చాడు. నేను రోజూ వెళ్ళి చదువుతున్నాను కదా, మరి నేను ఎవరినీ కాదా? సరే, ఇప్పుడా చర్చలన్నీ పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో ఉన్నాయి. బాబూ, ఆ ఫోన్లోనే దొరుకుతాయి, రీల్స్ అయ్యాక చూడు.

విషయానికి వస్తాను. 1946 డిసెంబరు 13న రాజ్యాంగ పరిషత్తులో నెహ్రూ గారు లక్ష్యాల తీర్మానం పెట్టారు. ఆ చర్చలో సభ్యులు మైనారిటీల రక్షణ గురించి మాట్లాడుతున్నారు. రంగా గారు లేచి, అసలైన మైనారిటీలు ఈ దేశంలోని సామాన్య జనమే అన్నారు. గిరిజనుడి భూమి చేతులు మారకూడదని వాళ్ళ కట్టుబాటు చెబుతున్నా వర్తకుడు వెళ్ళి ఆ భూమిని లాక్కుంటున్నాడని, తరతరాల వెట్టిలోకి దించుతున్నాడని చెప్పారు. మామూలు పల్లెల్లో వడ్డీ వ్యాపారి, జమీందారు చేసేదీ అదేనన్నారు. చట్టం పుస్తకంలో ఉంటుంది, దాన్ని వాడుకునే బలం లేనివాడికి హక్కెక్కడిది అని ఆయన ప్రశ్న. స్వాతంత్ర్యం ఇంకా రాలేదు, గుర్తుంచుకోండి.

రెండేళ్ళ తర్వాత, 1948 నవంబరు 4న డాక్టర్ అంబేడ్కర్ ముసాయిదా రాజ్యాంగం మీద ప్రసంగించారు. మన పల్లె అంటే అజ్ఞానానికి, సంకుచితత్వానికి పుట్ట అని కడిగిపారేశారు. నవంబరు 9న రంగా గారు జవాబిచ్చారు. దక్షిణాదిలో వెయ్యేళ్ళపాటు గ్రామ పంచాయతీలు సాధించింది తెలిసుంటే డాక్టర్ గారు ఆ మాటలు అనేవారు కాదని. ఇక్కడ చప్పట్లు కొట్టకండి, ఆగండి. నన్నడిగితే ఆ వాదనలో అంబేడ్కర్ గారి వైపే బరువెక్కువ. రంగా గారు చూసిన పంచాయతీలో అరుగు మీద ఎవరు కూర్చున్నారు, అరుగు కింద దూరంగా ఎవరు నిలబడ్డారు? ఆ ప్రశ్న ఆ రోజు ఆయన నోట రాలేదు. మన ఊళ్ళో పుట్టినవాడని దీన్ని దాచక్కర్లేదు. చివరికి పంచాయతీల మాట రాజ్యాంగంలో 40వ అధికరణంగా చేరింది. ఆ పట్టు పట్టినవాళ్ళలో ఆయనొకరు.

ఇక 1959. ఆ సంవత్సరం అర్థమైతే రంగా గారు అర్థమైనట్టే. జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార వ్యవసాయం తీర్మానం చేసింది. భూములు కలిపేయాలి, కాగితం మీద హక్కు రైతుకే ఉంటుంది, పంటలో వాటా వస్తుంది. అప్పుడు రంగా గారు కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీ కార్యదర్శి. నెహ్రూ గారి హవా ఎలా ఉండేదో పెద్దవాళ్ళకు తెలుసు. చరణ్ సింగ్ నాగపూర్‌లోనే ఎదిరించారు గానీ పార్టీలో ఉండిపోయారు. మన ఆయన పదవి వదిలి, పార్టీ వదిలి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దానికి మొదటి అధ్యక్షుడయ్యారు.

సరిగ్గా అదే ఏడాది మార్చి 31న దలైలామా సరిహద్దు దాటి మన దేశంలోకి వచ్చారు. ఆగస్టులో ఈశాన్య సరిహద్దులోని లాంగ్‌జూ దగ్గర చైనా సైన్యం కాల్పులు జరిపింది. లడఖ్ వైపు చైనా ఆక్రమించిన అక్సాయ్ చిన్ గురించి నెహ్రూ గారు రాజ్యసభలో, అక్కడ గడ్డిపరక కూడా మొలవదన్నారు. ఆ మాట మనలాంటి వాళ్ళ చెవిన పడితే ఎలా ఉంటుంది? మొలవకపోతే మాత్రం? పోరంబోకు భూమికి కూడా అడంగల్‌లో ఒక గడి ఉంటుంది కదండీ.

నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇది. మనవాళ్ళు రంగా గారిని రెండు ముక్కలు చేశారు. భూమి మీద మాట్లాడిన రంగా మనవాడు, విదేశాంగ విధానం మీద మాట్లాడిన రంగా ఎవరికీ అక్కర్లేదు. కానీ రెండూ ఒకే బుర్రలోంచి వచ్చాయి. తన చెక్క తాను దున్నుకునేవాడి మీద, నీ మంచికేనంటూ పైవాడు పెత్తనం చేయకూడదు. ఆ పైవాడు జమీందారైనా, ఢిల్లీ సర్కారైనా, పక్క దేశపు సైన్యమైనా ఆయన మాట మారలేదు. చైనాతో చేసుకున్న 1954 ఒప్పందంలో టిబెట్‌ను చైనాలోని ప్రాంతంగా మన చేత్తో మనమే రాసిచ్చాం. స్వతంత్ర పార్టీ వాళ్ళు చైనా విధానాన్ని అంతగా ఎండగట్టడానికి కారణం కమ్యూనిజం మీద కోపం ఒక్కటే కాదని నేనంటాను. 1968లో సోవియట్ టాంకులు చెకోస్లొవేకియాలోకి దిగినప్పుడు మన ప్రభుత్వం ఐక్యరాజ్యసమితిలో ఓటు వేయకుండా తప్పుకుంది. అశోక్ మెహతా మంత్రి పదవికే రాజీనామా చేశారు. స్వతంత్ర పార్టీ కూడా ప్రభుత్వాన్ని తప్పుపట్టింది. నిడుబ్రోలు రైతుకీ చెకోస్లొవేకియా రాజధాని ప్రేగ్‌కీ ఏం సంబంధం అని నవ్వినవాళ్ళు ఉండే ఉంటారు.

రాజ్యాంగ పదిహేడో సవరణ గురించి చెప్పకపోతే ఈ సభకే అర్థం లేదు. అప్పటిదాకా రాజ్యాంగంలో 'ఎస్టేటు' అంటే జమీందారీ లాంటివే. ఈ సవరణ, రైతు నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైత్వారీ భూముల్ని కూడా అందులోకి లాగింది, 44 చట్టాలను తొమ్మిదో షెడ్యూలులో పెట్టి కోర్టుకు అందకుండా చేయాలని చూసింది. మన గుంటూరు జిల్లా రైత్వారీ ప్రాంతం, అంటే నేరుగా మన తాతల మీదికే. జమీందారీ రద్దు కోసం పోరాడిన మనిషే ఇప్పుడు సర్కారుకు అడ్డం నిలిచారు. మొదటిసారి 1964 ఏప్రిల్‌లో, సభ మొత్తం సభ్యుల్లో సగానికి మించి ఓట్లు కావాలి, అవి పడక బిల్లు ఆగిపోయింది. మళ్ళీ తెచ్చిన బిల్లును నెహ్రూ గారు పోయాక జూన్‌లో నెగ్గించారు. అయితే ఆ సవరణలోనే ఒక మాట చేరింది: సీలింగు, అంటే భూపరిమితి లోపల, సొంత సేద్యంలో ఉన్న భూమిని తీసుకుంటే మార్కెట్ ధరకు తగ్గకుండా పరిహారం ఇవ్వాలి. ఆ గోల ఊరికే పోలేదని నా నమ్మకం. మీలో భూసేకరణ నోటీసు అందుకున్నవాళ్ళున్నారు. 31ఎ అధికరణం ఒకసారి చదవండి, మీ వకీలు చెప్పకపోయినా సరే.

సీలింగు విషయంలో మాత్రం ఆయనతో నాకు పేచీ ఉంది. సొంత పొలం ఉన్నవాడి స్వేచ్ఛ సరే, ఇదే డెల్టాలో సెంటు భూమి లేక నాట్లు వేసే ఆడవాళ్ళ సంగతి? కౌలు కాగితం కూడా లేని కౌలుదారు సంగతి? 1936లో అఖిల భారత కిసాన్ సభ మొదలైనప్పుడు ప్రధాన కార్యదర్శి రంగా గారే. తర్వాత కమ్యూనిస్టులు ఒక దారి, ఆయన ఒక దారి అయ్యారు. సుందరయ్య గారు అడిగిన ప్రశ్నలకు రంగా గారి దగ్గర పూర్తి జవాబు లేదు. చివర్లో కాంగ్రెస్‌లోకి తిరిగి వెళ్ళడం కూడా నాకు మింగుడుపడదు.

ఏమిటి బాబూ, చీటీయా? ముగించమంటున్నారు. అధ్యక్షా, రెండు నిమిషాలు. చూశారా, సరిగ్గా ఇదే నా బాధ! 1962 నవంబరులో చైనాతో యుద్ధం జరుగుతుంటే లోక్‌సభలో ఒక్క తీర్మానం మీద 165 మంది మాట్లాడారు. ప్రభుత్వాన్ని నిలదీసినవాళ్ళు కూడా ఉన్నారు. దేశం కష్టంలో ఉంది కాబట్టి నోరు మూసుకోమని సభ అనలేదు. ఇప్పుడు బడ్జెట్ పద్దుల్లో చాలావరకు చర్చే లేకుండా, అన్నిటినీ కలిపి ఓటుకు పెట్టేసే 'గిలటిన్' కింద ఒక్క పూటలో పాసవుతున్నాయి. మన ఎంపీ గారు సభలో ఏ బిల్లు మీద ఏం మాట్లాడారో ఇక్కడున్నవాళ్ళలో ఒక్కరు చెప్పండి, కూర్చుంటాను. పెళ్ళిళ్ళకి వచ్చారా, రాలేదా అన్నది మాత్రం అందరికీ తెలుసు.

రంగా గారిని ఓటర్లు నెత్తిన పెట్టుకున్నారనీ అనను. 1962లో మన తెనాలి ఓడించింది. చిత్తూరు ఉప ఎన్నికలో లోక్‌సభకు పంపింది. 1967లో గౌతు లచ్చన్న గారి అండతో శ్రీకాకుళం పంపింది. ఆ ఏడాది స్వతంత్ర పార్టీకి 44 సీట్లు, లోక్‌సభలో కాంగ్రెస్ తర్వాత పెద్ద పార్టీ. ఒక చివర చిత్తూరు, ఇంకో చివర శ్రీకాకుళం! ఇప్పుడు నియోజకవర్గం మారితే "ఆయన మన ఊరోడు కాదు" అంటాం.

సరే, చీటీ రెండోది వచ్చింది. ఒక్క విన్నపం చేసి దిగిపోతాను. వచ్చే ఏడు దండల ఖర్చులో సగం ప్రింటవుట్లకు పెట్టండి. ఈ నెల చివరి ఆదివారం సాయంత్రం ఇదే హాల్లో కూర్చుందాం. ముందు అంబేడ్కర్ గారి నవంబరు 4 ప్రసంగం, తర్వాత రంగా గారి నవంబరు 9 ప్రసంగం చదువుదాం, ఆ తర్వాత ఎవరిది ఒప్పో పోట్లాడుకుందాం. ఇంగ్లీషులో ఉన్నవే, ఒకరు చదువుతుంటే ఇంకొకరు తెలుగులో చెప్పాలి. కాలేజీ అమ్మాయిలు ఇద్దరు ముందుకొస్తే బాగుంటుంది. అంబేడ్కర్ గారి వైపు వాదన నేను తీసుకుంటాను. పేర్లు గేటు దగ్గర రాయించి వెళ్ళండి. నమస్కారం.