వెబ్ ఆప్షన్స్‌లో ఫస్ట్ ఏ కాలేజీ పెట్టాలి? నెట్ సెంటర్ మాట వినీకండి

అందరికీ నమస్కారం అండి. మొన్న రాజాంలో మా పిన్ని కూతురు ఎంసెట్ వెబ్ ఆప్షన్స్, అంటే ఏ ఇంజనీరింగ్ కాలేజీ కావాలో ఇష్టం వరసలో ఆన్‌లైన్‌లో రాసే లిస్టు, పెట్టుకుంటానంటే తోడెళ్లాను, ఇప్పుడు పేరు ఈఏపీసెట్ అయింది లెండి, మన నోటికి ఇంకా ఎంసెట్టే. పిల్లది ర్యాంకు 40 వేల చిల్లర. నెట్ సెంటర్ ఆయన లిస్టు చూసి, "ఏటమ్మా, విజయనగరం జేఎన్టీయూ ఫస్ట్ పెట్టీసావు, నీ ర్యాంకుకి అది రాదు, ఆప్షన్ వేస్టయిపోద్ది, వచ్చీది పైన పెట్టు" అన్నాడు. మా పిన్ని భయపడిపోయి అలగే పెట్టీ బాబూ అనేసింది.

నేను ఆపాను. ఎందుకంటే మన కౌన్సెలింగ్ ఎలా నడుస్తదంటే, కంప్యూటర్ ర్యాంకు వరసలో ఒక్కొక్కర్నీ పిలుస్తది అనుకోండి, మీ వంతు వచ్చేక మీ లిస్టు పైనుంచి చదువుకుంటా వస్తది, ఖాళీ ఉన్న మొదటి సీటు మీకిచ్చేసి అప్పుడే తర్వాత ర్యాంకు దగ్గరకెళ్తది. రిజర్వేషన్లు, లోకల్ కోటా లెక్కలు లోపల ఉంటాయి గానీ వరస మాత్రం ర్యాంకుదే. అంటే పైన రాని కాలేజీ పది పెట్టినా పదకొండోది మీ చేతిలోంచి పోదు, మీ వెనక ర్యాంకోడు దాన్ని ముందే లాక్కోలేడు. కాబట్టి ఏది ఇష్టమో అది పైన పెట్టడమే, అంతే.

అయితే నెట్ సెంటర్ ఆయన భయం ఊరికే పుట్టింది కాదండోయ్. అమెరికాలో బోస్టన్ ఊరి స్కూళ్లలో నిజంగానే అలాంటి రూల్ ఉండేది. ముందు అందరి ఫస్ట్ ఆప్షన్లూ చూసి సీట్లు ఇచ్చేసేవోళ్లు, అది రాకపోతే సెకండ్ ఆప్షన్‌కి వెళ్లేసరికి అక్కడ దాన్ని ఫస్ట్ పెట్టుకున్నోళ్లతో నిండిపోయేది. ఈ కిటుకు తెలిసిన తల్లిదండ్రులు మీటింగులు పెట్టుకుని మరీ ఒకరికొకరు చెప్పుకునేవోళ్లు, తెలీనోళ్లు నిజం రాసి నష్టపోయేవోళ్లు. 2005లో ఆ పద్ధతి తీసేసారు. న్యూయార్క్‌లో ఇంకా ఘోరం, హైస్కూలుకి వెళ్లే పిల్లల్లో దగ్గర దగ్గర 30 వేల మంది తాము రాయని స్కూల్లో పడేవోళ్లు. 2003లో ఆల్విన్ రోత్ అనే ఎకనామిస్టూ ఆయనతో ఇంకొందరూ కలిసి పద్ధతి మారిస్తే మొదటి ఏడాదే అది సుమారు 3 వేలకి దిగింది. అక్కడ రోత్ వాళ్లు మార్చింది సీట్లు పంచే పద్ధతే! ఇలా రూల్ ఆలోచించి తయారుచేయడాన్నే మెకానిజం డిజైన్ అంటారు. ఆ సీట్ల పంపకం వెనకున్న లెక్క గేల్, షేప్లీ అనే ఇద్దరు లెక్కల పండితులు 1962లోనే రాసారు, షేప్లీకి, రోత్‌కి 2012లో నోబెల్ వచ్చింది.

మన ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ చూడండి. అక్కడ సీటు టెన్త్ మార్కుల మీద ఇస్తారు, జిల్లా పరిషత్ హైస్కూల్ లాంటి హాస్టల్ లేని ప్రభుత్వ బడిలో చదివితే 4 శాతం కలుపుతారు, డిప్రివేషన్ స్కోర్ అని పేరు. నాకు ఇది నచ్చుతది, రూల్ ముందే కాగితం మీద ఉంది, ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. కానీ సీతంపేట ఏజెన్సీ నుంచొచ్చి గురుకులంలో చదివిన పిల్లకి ఆ 4 శాతం రాదు. ఎస్టీ రిజర్వేషన్ ఉంది కదా అంటారు, ఉంది, అయినా నాకు అక్కడ కొంచెం గుచ్చుకుంటది.

ఇంకో తంటా ఉంది. రూల్ ఎంత బాగున్నా కీబోర్డు ముందు కూర్చున్నోడు వేరే అయితే ఏం లాభం? రిజల్ట్ వచ్చిన దగ్గర్నుంచి కాలేజీ పీఆర్వోలు, అంటే కాలేజీకి పిల్లల్ని చేర్పించే మనుషులు, బండేసుకుని ఇళ్లకొచ్చి, ఫీజు రీయింబర్స్‌మెంట్ మేమే చూసుకుంటాం, హాల్ టికెట్టు, పాస్‌వర్డ్ ఇచ్చీండి, ఆప్షన్స్ మేమే పెట్టీస్తాం అంటారు. ఓటీపీ గానీ ఇచ్చేసారా, ఆ లిస్టు మీది కాదు. సెకండ్ ఫేజ్‌లో, అంటే రెండో రౌండ్‌లో అయితే ఇంకా జాగ్రత్త, అక్కడ కొత్త సీటొస్తే మొదటి రౌండ్‌లో వచ్చిన పాతది దానంతటదే పోద్ది, అందుకని ఉన్నదానికంటే ఇష్టమైనవే పెట్టండి, వేరేవి వద్దు.

మా పిల్ల జేఎన్టీయూనే ఫస్ట్ ఉంచి, కింద ఇంకో ముప్పై పెట్టింది, లిస్టు ఖాయం చేసి ఫ్రీజ్ చేసేసింది. మర్నాడు పొద్దున్నే ఒక పీఆర్వో ఫైలు పట్టుకుని వాకిట్లోకొచ్చాడు, మా పిన్ని టీ ఇచ్చి, "పాస్‌వర్డ్ పిల్లదాని దగ్గరే ఉంది బాబూ, అది నాకే చెప్పట్లేదు" అని పంపించేసింది.