ఫిజీ: మిల్లు ముందు, దేశం తర్వాత

[తెర మీద: చెరకు తోటల మధ్య సన్న పట్టాలు, దూరంగా మిల్లు పొగగొట్టం]

నరికిన చెరకు ఎవరికోసమూ ఆగదు. రెండు మూడు రోజులు ఎండలో పడుంటే బరువు తగ్గుతుంది, రికవరీ, అంటే టన్ను చెరకు నుంచి వచ్చే చక్కెర, పడిపోతుంది. చోడవరం, తణుకు, బోధన్ వైపు చెరకు వేసిన ఇంట్లో ఎవర్ని అడిగినా ఈ సంగతి చెప్తారు. చెరకు నరకమని మిల్లు ఇచ్చే కటింగ్ ఆర్డర్ చేతికొచ్చాక కోత కూలీలు దొరక్కపోతే రైతు పడే టెన్షన్ అంతా ఇంతా కాదు. మిల్లువాడి బాధ ఇంకోటి. ఒకసారి బాయిలర్ వెలిగించాడంటే సీజన్ అయ్యేదాకా రాత్రీ పగలూ చెరకు అందుతూనే ఉండాలి.

అలాంటి మిల్లును పసిఫిక్ మహాసముద్రం నడిమధ్య, 300కు పైగా దీవులున్న చోట పెట్టాలనుకుంటే? వేలమంది మనుషులు కావాలి. చెప్పిన రోజున, చెప్పిన చేలోకి దిగే మనుషులు. ఫిజీ దేశం కథ చాలామంది రాజ్యాంగంతోనో, సైనిక తిరుగుబాట్లతోనో మొదలుపెడతారు. నేను మిల్లుతోనే మొదలుపెడతాను.

[పటం: విటి లెవు, వనువా లెవు దీవులు]

1874 అక్టోబర్ 10న ఫిజీ నాయకుడు థకొంబౌ, మిగతా పెద్దలతో కలిసి దీవుల్ని బ్రిటన్ చేతిలో పెట్టాడు. మరుసటి ఏడే తట్టు జబ్బు వచ్చిపడింది. థకొంబౌ పరివారం సిడ్నీ వెళ్లి తిరిగొచ్చిన ఓడలోనే అది దిగింది. దాదాపు 40,000 మంది పోయారని అంచనా. చిన్న దేశం. ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి.

అదే ఏడు గవర్నర్‌గా వచ్చిన సర్ ఆర్థర్ గోర్డన్ అంతకుముందు ట్రినిడాడ్, మారిషస్‌లలో పనిచేసినవాడు. రెండూ భారతీయ కూలీల మీద నడిచిన చక్కెర దీవులే. ఆయన ఫిజీ వాళ్ల భూమి బయటివాళ్లకు అమ్మకుండా ఆపాడు. వాళ్లు ఊళ్లు వదిలి తోటల్లో కూలికి పోకుండా కట్టడి చేశాడు. బాగానే ఉంది. కానీ కాలనీ ఖర్చు కాలనీయే సంపాదించుకోవాలని లండన్ మాట. దాంతో సిడ్నీలోని కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీని పిలిచాడు, కూలీల కోసం ఇండియా వైపు చూశాడు. స్థానికుల్ని కాపాడిన పుణ్యం ఆయనకు దక్కింది, దాని ఖర్చు మాత్రం మన ఊళ్ల నుంచి వెళ్లినవాళ్ల మీద పడింది. నా లెక్క ఇది.

కంపెనీ 1882లో రేవా నది ఒడ్డున నౌసోరి మిల్లు నడిపించింది. తర్వాత రారావై, లంబాసా, 1903లో లౌటోకా. ఎక్కడ మిల్లు లేస్తే అక్కడ సంత, కోర్టు, బడి, గుడి వచ్చాయి. ఫిజీ పటంలో చెరకు పట్టణాలు ఎక్కడెక్కడున్నాయో చూడండి, కంపెనీ ఇంజనీరు గీసిన ప్లాన్‌లాగే ఉంటుంది. పట్టాలు కంపెనీవి, ఇంజన్లు కంపెనీవి. కొన్నేళ్లపాటు జనాన్ని ఎక్కించుకునే ఉచిత రైలు కూడా కంపెనీదే!

[పాత ఫోటో: ఓడ డెక్ మీద కూర్చున్న కూలీలు]

మొదటి ఓడ లియోనిడాస్. కలకత్తాలో బయల్దేరి 1879 మే 14న ఫిజీలోని లెవుకా రేవు చేరింది. దారిలోనే కలరా, మశూచి అంటుకోవడంతో దిగినవాళ్లను ముందు ఒక చిన్న దీవిలో వేరుగా ఉంచారు. 1916 దాకా మొత్తం 60,000 మందికి పైగా వెళ్లారు. మద్రాసు రేవు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి. అలా దక్షిణాది వాళ్లు దాదాపు 15,000 మంది. వాళ్లలో విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్లున్నారు, ఉత్తర ఆర్కాటు వాళ్లున్నారు.

ఒప్పందం ఐదేళ్లు. దాన్నే గిర్మిట్ అన్నారు. మగవాళ్లకు రోజుకు ఒక షిల్లింగ్, అంటే పన్నెండు పెన్నీలు, ఆడవాళ్లకు తొమ్మిది పెన్నీలు. అదీ అప్పగించిన పని మొత్తం పూర్తి చేస్తేనే. చేయలేకపోతే కూలి కోత, ఒక్కోసారి కోర్టు కేసు. పనికి రాకపోవడం అక్కడ నేరం.

ఉండేది 'లైన్ల'లో. ఒక్కో గది పది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు. అందులో ముగ్గురు ఒంటరి మగవాళ్లు, లేదా భార్యాభర్తలు, పిల్లలు. వంటా అక్కడే, పడకా అక్కడే. గదుల మధ్య గోడ పైకప్పు దాకా ఉండదు. పక్క గదిలో ఎవరు దగ్గినా, ఎవరు ఏడ్చినా వినిపిస్తుంది. నూరుమంది మగవాళ్లకు 40 మంది ఆడవాళ్లు ఉంటే చాలని రూలు. ఆ ఒక్క రూలు వల్ల ఎన్ని కాపురాలు కూలాయో, ఎన్ని హత్యలు జరిగాయో. భారతీయ కూలీలు వెళ్లిన కాలనీలన్నిటిలోనూ ఆత్మహత్యల రేటు ఫిజీలోనే ఎక్కువ.

పక్క గదిలో భోజ్‌పురి, ఎదురుగదిలో తమిళం. రెండు తరాలు తిరిగేసరికి అందరి నోటా ఒక కొత్త హిందీ. తెలుగు పిల్లలూ అదే మాట్లాడారు. అయినా భాషను అంత తేలిగ్గా వదల్లేదు. 1926లో నంది పట్టణంలో సాధు కుప్పుస్వామి దక్షిణాది వాళ్లందరికీ కలిపి ఒక సంగం పెట్టారు, బళ్లు నడిపారు. 1941లో తెలుగువాళ్లు విడిగా దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. మనవాళ్లు ఇద్దరుంటే ఒక సంఘం, ముగ్గురుంటే రెండు సంఘాలు అనే జోక్ ఊరికే పుట్టలేదు!

[తెర మీద: పదెకరాల చెరకు కమతం, కోత గ్యాంగ్]

1920 జనవరి 1న మిగిలిన గిర్మిట్లన్నీ రద్దయ్యాయి. కంపెనీకి కూలీలు లేరు. అప్పుడు చేసిన పని చూడండి. పెద్ద తోటల్ని సుమారు పదేసి ఎకరాల ముక్కలు చేసి, పాత కూలీలకే కౌలుకిచ్చింది. వాన రాకపోయినా, తుఫాను వచ్చినా నష్టం రైతుది. ఎప్పుడు నరకాలో, ఏ గ్యాంగ్ ఏ చేలోకి పోవాలో చెప్పేది కంపెనీ మనిషి. చెరకు కొనేదీ కంపెనీయే, ధర చెప్పేదీ కంపెనీయే.

ఊరుకుంటారా? 1921లో, 1943లో, 1960లో సమ్మెలు. చివరికి బ్రిటిష్ జడ్జి లార్డ్ డెన్నింగ్ మధ్యవర్తిగా వచ్చి, రాబడిలో 65 శాతం రైతుకు, 35 శాతం మిల్లుకు అని తీర్పిచ్చాడు. అది 1970. ఈ లెక్కన మాకు గిట్టదని కంపెనీ 1973లో మిల్లుల్ని ప్రభుత్వానికి అమ్మేసి వెళ్లిపోయింది. దాదాపు 90 ఏళ్ల కాపురం.

1970 అక్టోబర్ 10న ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చింది. కొత్త దేశంలో భూమి 80 శాతానికి పైగా ఫిజీ తెగలది, చెరకు సాగు ఎక్కువగా భారతీయులది. 1946 జనాభా లెక్కల నాటికే భారతీయుల సంఖ్య స్థానికుల్ని దాటింది. ఓటర్ల జాబితాలు కూడా జాతుల వారీగా వేర్వేరు. వందేళ్లు ఒకే దీవిలో ఉండి, ఒకరి ఊరు ఒకరికి సరిగా తెలియని రెండు జనాలు.

1987 మే 14న కల్నల్ రంబూకా సైనికులు పార్లమెంటులోకి చొరబడి ప్రభుత్వాన్ని కూలదోశారు. లియోనిడాస్ చేరిన తేదీ అది, 108 ఏళ్ల తర్వాత. భారతీయులు వేల సంఖ్యలో ఆక్లాండ్, సిడ్నీ, వాంకోవర్ దారి పట్టారు. అదే రంబూకా, పదేళ్లకు ప్రతిపక్ష నాయకుడు జై రామ్ రెడ్డితో కూర్చుని 1997 రాజ్యాంగానికి ఒప్పుకున్నాడు. 1999లో మహేంద్ర చౌధరి ఫిజీకి మొదటి భారతీయ సంతతి ప్రధాని అయ్యాడు. ఏడాది తిరిగేసరికి మళ్లీ తిరుగుబాటు, ప్రధానినే 56 రోజులు బందీగా ఉంచారు.

వార్తల్లో ఇవన్నీ వచ్చాయి. చెరకు చేలల్లో జరిగింది మాత్రం పెద్దగా రాలేదు. తెగల భూమి మీద చెరకు రైతులకున్న 30 ఏళ్ల కౌళ్లు 1997 నుంచి ముగియడం మొదలైంది. కొన్ని తెగలు మళ్లీ రాసిచ్చాయి, కొన్ని ఇవ్వలేదు. మూడు తరాలు బతికిన ఇంటిని విప్పి, రేకులూ దూలాలూ లారీకెత్తుకుని రాజధాని సువా శివార్లలో గుడిసెలు వేసుకున్న కుటుంబాలున్నాయి. 1994లో 40 లక్షల టన్నుల చెరకు ఆడిన మిల్లులకు ఇప్పుడు అందులో సగం కూడా రావడం లేదు. కౌలు డబ్బు ఆగి కొన్ని తెగలూ నష్టపోయాయి.

2023 మేలో, ప్రధానిగా ఉన్న రంబూకా 1987 తిరుగుబాటుకు భారతీయుల్ని క్షమాపణ అడిగాడు. చేలల్లోనూ మార్పు వచ్చింది. వదిలేసిన పొలాల్లో కొన్నిటిని తెగలవాళ్లే స్వయంగా సాగు చేస్తున్నారు. గోర్డన్ తోటల్లోకి పోవద్దన్నవాళ్ల మనవళ్లు, గిర్మిట్ కూలీల మనవళ్లు ఇప్పుడు ఒకే కోత గ్యాంగ్‌లో పనిచేస్తున్నారు.