సైకిలిచ్చారు సరే, దారేదీ?

అందరికీ నమస్కారం. లెక్కల మాస్టారుగా రిటైరైనవాణ్ణి కాబట్టి ఒక లెక్కతోనే మొదలుపెడతాను.

నేను చివరగా పనిచేసిన హైస్కూలు హైవే పక్కన ఉండేది. చాలామంది పిల్లల ఊళ్లు అవతలి వైపు. యూ టర్న్ ఎక్కడో కిలోమీటరున్నర అవతల. అంటే ఎదురుగా కనబడుతున్న బడికి రూలు ప్రకారం రావాలంటే, వెళ్లి తిరిగొచ్చేసరికి మూడు కిలోమీటర్లు ఎక్కువ తొక్కాలి. ఏ పిల్ల తొక్కుతుంది చెప్పండి? తొమ్మిదో తరగతి అమ్మాయిలు డివైడర్ దగ్గర దిగి, ముందు చక్రం ఎత్తి పైన పెట్టి, వెనక చక్రాన్ని మోకాలితో నెట్టేవారు. వీపున బ్యాగు, హ్యాండిల్‌కి క్యారేజీ. ఆ గట్టు మీదే సైకిల్ పట్టుకుని, లారీలన్నీ పోయేదాకా నిలబడేవారు. గేటు దగ్గర చూస్తున్న నాకు గుండె దడదడలాడేది. కొందరు అదీ చేతగాక రాంగ్ రూట్‌లో వచ్చేవారు. ప్రేయర్‌లో వాళ్లని రోజూ తిట్టాను. అలా తిట్టినందుకు ఇప్పటికీ బాధగా ఉంది. తప్పు వాళ్లది కాదు, వాళ్లొకళ్లున్నారని తలవకుండా వేసిన రోడ్డుది.

సైకిల్ చిన్న సాయమేం కాదు. బీహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోమని 2,000 రూపాయలిచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు లెక్కగట్టి చూస్తే, హైస్కూల్లో చేరే అమ్మాయిలు 32 శాతం పెరిగారు. అదీ ముఖ్యంగా బడి మూడు కిలోమీటర్లు, ఆపైన ఉన్న ఊళ్లలో. ఆంధ్రప్రదేశ్‌లోనూ 'బడికొస్తా' పేరుతో సైకిళ్లిచ్చారు. కానీ సైకిల్ ఇచ్చిన చెయ్యి రోడ్డు దాకా రాలేదు.

అమెరికాలో 2005లో ఒక చట్టం చేశారు. బడికి నడిచో, సైకిల్ మీదో వచ్చే పిల్లల కోసం ఐదేళ్లకు 61 కోట్ల 20 లక్షల డాలర్లు. అందులో కనీసం 70 శాతం కట్టడాలకే, అంటే బడికి సుమారు రెండు మైళ్ల లోపు ఫుట్‌పాత్‌లు, క్రాసింగ్‌ల లాంటి వాటికే పెట్టాలి. నాకు నచ్చింది డబ్బు కాదు. ప్రతి రాష్ట్రమూ ఈ ఒక్క పనికే ఫుల్‌టైమ్ అధికారిని పెట్టి తీరాలన్నారు. మనకి అదే కరువు. హైవేవాళ్లని అడిగితే పంచాయతీ అంటారు, పంచాయతీని అడిగితే పోలీసులంటారు.

చట్టం మనకీ ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 138(1ఎ) ప్రకారం, నడిచేవాళ్ల కోసం, సైకిళ్ల కోసం రాష్ట్రమే నిబంధనలు చేయవచ్చు. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు ఆరు నెలల గడువు పెట్టి మరీ వాటిని చేయమంది.

ఇక్కడున్న హెడ్మాస్టర్లకు, తల్లిదండ్రులకు నాదొక్కటే మనవి. రేపు ఉదయం బడి వేళకు ఒక అరగంట గేటు ముందు నిలబడండి. పిల్లలు ఎక్కడెక్కడ రోడ్డు దాటుతున్నారో కాగితం మీద గీయండి. ఒక్కోచోట ఎంతమందో రాయండి. దాని మీద అందరూ సంతకాలు పెట్టి కలెక్టరు గారికి ఇద్దాం. నేనూ వస్తాను.