తీన్మార్ గోల అన్న మా మామకి జవాబు

నమస్తే అందరికీ. ఈ రోజు వీడియో మా మామ కోసం. ఆయన చూడడు, అది వేరే విషయం. మీరు చూడండి, చూసి ఆయనకి పంపండి.

మొన్న మా బాబాయి కొడుకు పెళ్లి అయింది. ముందు రోజు ఫంక్షన్ హాల్లో సంగీత్. ఖరీదైన డీజే, పొగ, లైట్లు, అన్నీ పెట్టారు. ఫ్లోర్ మీద మాత్రం నలుగురు పిల్లలు, ఒక ఫొటోగ్రాఫర్. మిగతా చుట్టాలంతా బిర్యానీ దగ్గరే ఉన్నారు. మర్నాడు రాత్రి బరాత్‌కి తీన్మార్ బ్యాండ్ వచ్చింది. వాళ్లని హాల్ మేనేజర్ గేట్ దగ్గరే ఆపేశాడు. "మా దగ్గర ఇలాంటివి ఎలౌ చెయ్యం సార్, స్టాండర్డ్ పోతది" అన్నాడు. సరే అని వాళ్లు రోడ్డు మీదే మొదలుపెట్టారు. రెండు నిమిషాల్లో హాల్ ఖాళీ. మోకాళ్ల నొప్పులని పొద్దున్నుంచి కుర్చీ దిగని మా పెద్దమ్మ కూడా కొంగు నడుముకి చెక్కుకుని బయటికొచ్చేసింది.

అప్పుడు మా మామ నా చెవిలో అన్న మాట ఇది: "ఏందిరా ఈ గోల? ఇదీ ఒక మ్యూజిక్కేనా? పనీపాటా లేని పోరగాళ్లు ఎగరనీకి తప్ప దేనికి పనికొస్తది?"

మామా, మీ అక్క కూడా ఎగిరింది. ముందు అది గుర్తుపెట్టుకో.

అసలు ఈ తీన్మార్ దెబ్బ ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అని ఒక పేట ఉంది. చిన్నప్పుడు నేను ఏసీ అంటే చల్లగా గాలి వచ్చే ఏసీ అనుకునేవాణ్ణి. కాదు, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం దగ్గర పనిచేసిన ఆఫ్రికన్ గుర్రపు దళం. ఆఫ్రికా నుంచి వచ్చిన వీళ్లనే సిద్దీలు అంటారు, వాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. ఈ దళం కథలో వనపర్తి సంస్థానం కూడా ఉంది. అక్కడి రాజు దగ్గరున్న ఆఫ్రికన్ సైనికులే తర్వాత నిజాం కొలువుకి వచ్చారు. ఇక చాంద్రాయణగుట్ట దగ్గర బార్కస్. బ్యారక్స్ అన్న మాట మన నోళ్లలో పడి బార్కస్ అయింది. నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. సిద్దీలు, ఈ అరబ్బులు వాయించిన సంగీతమే మర్ఫా. కత్తులు, జంబియా అనే వంకర బాకులు పట్టుకుని దాని మీద ఆడేవాళ్లు. యుద్ధానికి పోతున్నట్టు ఉండే ఆట అది. 1948లో నిజాం పాలన పోయింది, ఆ తర్వాత దళమూ పోయింది. జీతాలు పోయినవాళ్లకి చేతిలో మిగిలింది వాయిద్యం.

ఆ మర్ఫానే హైదరాబాద్ గల్లీల్లో తీన్మార్ అయింది. మూడు దెబ్బలు. తర్వాత అది ఎవరి చేతుల్లోకి వెళ్లలేదో చెప్పండి! నిఖాకి అదే, బోనాల్లో ఘటం ముందు అదే, పోతురాజు కొరడా తిప్పేది దాని మీదే, గణేశుడు ట్యాంక్‌బండ్‌కి పోయేది దాని వెనకే. టీవీలో తీన్మార్ వార్తలు వచ్చాయి, తీన్మార్ అని సినిమా కూడా వచ్చింది. పేరు ఇంతింత వాడుకున్నారు గానీ వాయించేవాళ్ల పేర్లు ఎవరికి తెలుసు? పెళ్లి వీడియో చివర కేటరింగ్ వాళ్ల పేరు వేస్తారు, మేకప్ ఆర్టిస్ట్ పేరు వేస్తారు. బ్యాండ్ పేరు వేసిన వీడియో నేను ఇంతవరకు చూడలేదు.

"దాంట్లో ఏముంది, టకటకా కొట్టుడే కదా" అంటారు కొందరు. సరే, చెయ్యి ఖాళీగా ఉంటే తొడ మీద కొట్టి చూడండి. క్లబ్బుల్లో వచ్చే హౌస్ మ్యూజిక్ ఎలా ఉంటుంది? ధమ్, ధమ్, ధమ్, ధమ్. గోడకి మేకు కొట్టినట్టు నాలుగూ సమానం. ఇప్పుడు తకిట, తకిట అనుకుంటూ మూడేసి కొట్టండి. లేచి నిలబడి ప్రతి దెబ్బకి ఒక అడుగు వెయ్యండి. మూడు బేసి సంఖ్య కదా, మొదటి తకిటలో బరువు కుడికాలి మీద పడితే రెండో తకిటలో ఎడమకాలి మీద పడుతుంది. మీరు ఊగాలని అనుకోకపోయినా ఒళ్లు ఆ పక్కకీ ఈ పక్కకీ పోతుంది. మా పెద్దమ్మ తప్పేం లేదు. ఆ లెక్క అలాంటిది.

ఆ రాత్రి బ్యాండ్‌లో నా కళ్లు ఒకాయన మీదే ఉన్నాయి. డోలు కాదు, పుల్లలతో కొట్టే తాషా కాదు, ఆయన దగ్గర ఉన్నది స్టీల్ బిందె. ఇంట్లో నీళ్లు పట్టుకునే బిందె. తెల్ల గడ్డం, వేళ్లకి ప్లాస్టర్ చుట్టుకున్నాడు. బిందెకి ఒక పక్కంతా సొట్టలు, రెండో పక్క కొత్త పెళ్లికూతురిలా మెరుస్తోంది. గ్యాప్‌లో చాయ్ ఇచ్చి అడిగాను, చాచా, ఆ పక్క ఎందుకు కొట్టరు అని. అటు కొడితే శబ్దం చెవిలో పొడుస్తుంది, ఇటు కుదరడానికి చాలా నెలలు పట్టింది అన్నాడు. మూతి దగ్గర కొడితే ఒక శబ్దం, బొజ్జ మీద కొడితే ఇంకో శబ్దం. డోలు ఎంత ఊగినా బిందె మాత్రం తప్పడం లేదు, మిగతావాళ్లంతా దాన్నే పట్టుకుని వాయిస్తున్నారు. మామా, గోలలో ఇంత లెక్క ఉంటుందా?

ఇంకో ముచ్చట. ఇప్పుడు గచ్చిబౌలి పబ్బుల్లో ఆఫ్రో హౌస్ నైట్స్ నడుస్తున్నాయి. ఎంట్రీకి డబ్బులు కట్టి, చేతికి బ్యాండ్ కట్టించుకుని, ఆఫ్రికా రిథమ్ సూపర్ బ్రో అంటున్నారు. మంచిదే, నేనూ పోయాను. కానీ ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల దెబ్బ ఇదే ఊళ్లో తరాల నుంచి మోగుతోంది. అది వింటే స్టాండర్డ్ పోతుందట.

నాకేమనిపిస్తుందంటే, డ్యాన్స్ మ్యూజిక్‌ని తిట్టేవాళ్లలో చాలామంది తిట్టేది ఆ పాటని కాదు, దానికి ఆడేవాళ్లని. అమెరికాలోనూ ఇదే జరిగింది. 1979 జూలై 12న షికాగోలో కోమిస్కీ పార్క్ అనే బేస్‌బాల్ స్టేడియంలో డిస్కో రికార్డులు కుప్పపోసి పేల్చేశారు. డిస్కోని తలకెత్తుకున్నది ఎక్కువగా నల్లజాతివాళ్లు, లాటినోలు, గేలు. కొన్నేళ్లకే అదే షికాగోలో వేర్‌హౌస్ అనే క్లబ్ పేరు మీద హౌస్ మ్యూజిక్ వచ్చింది. మన దగ్గర రికార్డులు పేల్చరు, ముక్కు చిట్లిస్తారు. డప్పు సంగతి మనకి తెలియదా? తోలు ఒలిచి, మంట దగ్గర కాచి, సిర్ర, సిటికెన పుల్లతో వాయించే చేతులు ఏ వాడవో చూసే కదా దాన్ని ఇన్నాళ్లు ఊరి బయట నిలబెట్టారు. తీన్మార్‌ని చూసి చిట్లించే ముక్కు కూడా అదే.

సౌండ్ సంగతి దాటెయ్యను. మా నానమ్మకి గుండె జబ్బు. మా గల్లీలో నిమజ్జనం రోజు డీజే బండి ఆగినప్పుడు కిటికీ అద్దాలు వణికాయి, ఆమె మంచం మీద లేచి కూర్చుంది. ఆ రోజు నేనే కిందికి పోయి గొడవపడ్డాను. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటొద్దని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలని నిషేధించారు. దాన్ని నేను తప్పుపట్టను. కానీ లారీ మీద గోడలా పేర్చిన స్పీకర్లు వేరు, ఎనిమిది మంది నడుచుకుంటూ వాయించే బ్యాండ్ వేరు. బ్యాండ్‌కి వాల్యూమ్ బటన్ లేదు నిజమే, కానీ చేతులు నొప్పి పుడితే అదే ఆగుతుంది. పదింటికి ముందు ముగించమని అడిగితే ముగిస్తారు కూడా. ఆ పెళ్లిలో తొమ్మిదిన్నరకే ఆపేశారు. ఇంకో పాట, ఇంకో పాట అని వెంటపడింది మనవాళ్లే.

వెంటపడేవాళ్ల గురించి కూడా ఒక మాట. మా గల్లీలో ఒక గుంపు ఉంది. ఆటో తోలేవాడు, మొబైల్ షాపువాడు, ఒక డిగ్రీ పిల్లగాడు. ఏ బ్యాండ్‌లో తాషా ఎవరు వాయిస్తారో వీళ్లకి నోటికి వచ్చు. మనిషి మారితే దూరం నుంచే పట్టేస్తారు, "ఇయ్యాల ఆయన రాలే" అని. లయ మీద చెవి అలా తయారవ్వాలంటే ఎన్నేళ్లు వినాలి? కచేరీలో ముందు వరుసలో కూర్చుని తాళం వేసే పెద్దాయన్ని రసికుడు అంటాం. వీళ్లని పోరగాళ్లు అంటాం.

సరే, నేను ఎక్కువ మాట్లాడాను. ఆ రాత్రి బరాత్‌లో ఫోన్‌లో రికార్డ్ చేసిన ముక్క ఒకటి ఉంది, చాచాని అడిగే పెడుతున్నాను. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. మొదటి పది సెకన్లు డోలుని వదిలేసి, ఎడమ పక్క వచ్చే బిందె మీద చెవి పెట్టండి. మధ్యలో ఈల వేసింది మా పెద్దమ్మే.