అటక దిగిన కుర్చీ

శ్రోతలకు నమస్కారం. మహిళా క్లబ్బుల గురించి మాట్లాడమన్నారు. క్లబ్బు అనగానే మా ఇంట్లో వాళ్లే నవ్వుతారు. పట్టుచీరలు, పళ్ల పంపిణీ, ఆపైన ఒక ఫోటో! ఒక్క అరటిపండును ఆరుగురం పట్టుకుని ఇస్తున్న ఫోటో మా ఆల్బంలోనూ ఉంది. కాబట్టి ఎవరైనా నవ్వితే నేనేమీ అనను.

కానీ ఈ క్లబ్బుల చరిత్రలో మన ప్రాంతానికీ ఒక పేజీ ఉంది. 1916లో, అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో, మార్గరెట్ కజిన్స్ అనే ఐర్లండు ఆవిడ ఊళ్లోని ఆడవాళ్లను కూడగట్టి ఒక సమాజం పెట్టారు. తర్వాత 1919లో ఠాగూర్ మదనపల్లె వచ్చినప్పుడు జనగణమనకు స్వరాలు రాసిపెట్టింది కూడా ఈవిడే. ఆ సమాజం పేరు అబలాభివర్ధిని. మళ్లీ చెబుతున్నాను, అబలాభివర్ధిని. ఇప్పుడు ఆ పేరు పెడితే మా అమ్మాయి ఊరుకోదు. నాకు మాత్రం అందులో తెలివి కనిపిస్తుంది. అబలలు బాగుపడతారంటే ఏ ఇంటాయన వద్దంటాడు? ఇది నా ఊహే లెండి. మరుసటి ఏడు మద్రాసు అడయారులో ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పుట్టింది. ఆడవాళ్లకు ఓటు కావాలని అడిగిన సంఘం అది. దాని వెనక మదనపల్లె అనుభవం ఉంది.

అంతకుముందే, 1902లోనే, బందరులో బండారు అచ్చమాంబ గారు బృందావన స్త్రీ సమాజం పెట్టారు. 1924లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో మార్గరెట్ గోల్డింగ్ అనే నర్సు ఇన్నర్ వీల్ అనే మహిళా క్లబ్బు మొదలుపెట్టారు. ఆ తొలి సమావేశం ఒక స్నానశాలలో జరిగిందట! చోటు ఎక్కడ దొరికితే అక్కడ కూర్చున్నారన్నమాట.

చరిత్ర ఇక చాలు. నాకిష్టమైన సంగతికి వస్తాను.

తిరుపతిలో మా క్లబ్బు చిన్నది, పద్నాలుగు మందిమి. మాలో ఒకామె అత్తగారికి తుంటి ఎముక విరిగింది. వాకర్, కమోడ్ కుర్చీ, ఎయిర్ బెడ్ అన్నీ కొన్నారు. ఆరు నెలలకు పెద్దావిడ పోయారు. వస్తువులన్నీ అటకెక్కాయి. పారేయడానికి మనసొప్పదు, ఇంట్లో ఉంచుకుంటే మంచి శకునం కాదంటారు. 'ఇదిగో, ఇవి మన క్లబ్బుకు' అందామె ఒకరోజు. ఏం చేసుకోవాలో మాకు తోచలేదు.

పది రోజులు కాకముందే, రాత్రి తొమ్మిదింటప్పుడు కొర్లగుంట నుంచి ఒక ఆటో అబ్బాయి వచ్చాడు. "అక్కా, మీ దగ్గర కుర్చీ ఉండాదంట గదా. మా అమ్మ లేవలేకుండా ఉంది. బాత్రూముకు నేనే ఎత్తుకోని పోతాండా. ఆమె సిగ్గుతో నీళ్లు తాగడం మానేసింది" అన్నాడు.

సిగ్గుతో నీళ్లు తాగడం మానేసింది. ఆ మాట విన్నాక మాలో ఎవరికీ నోట మాట రాలేదు. అన్ని ఏళ్లుగా పళ్లు పంచాం గానీ, ఇలాంటి అవసరం ఒకటుంటుందని మాకు తట్టనే లేదు. కుర్చీని ఆటోలో పెట్టి, అతనే తాడుతో కట్టుకుని వెళ్లాడు. రెండు నెలలకు తిరిగి తెచ్చాడు. డెట్టాలు వేసి కడిగి, ఎండబెట్టి, తుడిచి మరీ తెచ్చాడు. "అమ్మ ఇప్పుడు గోడ పట్టుకోని నడస్తా ఉంది" అన్నాడు. ఇప్పుడు మా దగ్గర మూడు కుర్చీలు, అయిదు వాకర్లు ఉన్నాయి. ఒక్కటీ మేం కొన్నది కాదు. అన్నీ ఎవరో ఒకరి అటక దిగినవే.

ఇలా వస్తువులు వాడుకోవడానికి ఇచ్చి తీసుకునే ఏర్పాటు మీ వీధిలోనూ పెట్టొచ్చు. ఒక నోటుబుక్కు చాలు. పేరు, ఫోన్ నంబరు, ఇంటి గుర్తు రాయండి. డోర్ నంబర్ కాదు, గుర్తు: 'గంగమ్మ గుడి వెనక, నీళ్ల ట్యాంకు పక్కన' అని. తీసుకున్న తేదీ రాయండి. తిరిగి ఇవ్వాల్సిన తేదీ మాత్రం రాయొద్దు. మొదట్లో మేమూ రాసేవాళ్లం. గడువు దాటిందని ఒకరింటికి నేనే ఫోన్ చేశాను. అవతల ఏడుపులు వినిపించాయి. ఆ తెల్లవారుజామునే పెద్దాయన పోయారట. కుర్చీ గురించి అడగబోయిన నేను ఏం చెప్పానో నాకే గుర్తులేదు. ఆ సాయంత్రమే నోటుబుక్కులో ఆ గడి కొట్టేశాం. అప్పటి నుంచి ఫోన్లు లేవు. నెలకోసారి ఇద్దరం వెళ్లి, కూర్చుని, మంచీ చెడ్డా మాట్లాడి వస్తాం. వస్తువు అవసరం తీరి ఉంటే వాళ్లే ఇస్తారు. ఇంతవరకు ఒక్కటీ పోలేదు.

అన్నట్టు, వాకర్ ఇచ్చే ముందు కాళ్ల కింద రబ్బరు బుష్‌లు చూడండి. అరిగిపోతే టైల్స్ మీద జర్రున జారుతుంది. మా దగ్గర ఒకదానికి ఊడిపోయింది. ఇక్కడ రికార్డింగు అయ్యాక నేను వెళ్లాల్సింది ఆ బుష్ కోసమే. సెలవు.