గిన్నె బాగానే ఉంది, పెరుగు సంగతేంటి?

నమస్తే అండీ. ఆటలో తలకు దెబ్బ తగిలిన పిల్లల గురించి, "స్కాన్‌లో ఏమీ లేదన్నారుగా, ఇంకేంది, ఆడించండి" అంటుంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

సంక్రాంతికి కావలి దగ్గర ఒక ఊళ్లో కబడ్డీ చూశాను. కూతకు వెళ్లిన పదహారేళ్ల కుర్రాడి తల ఎదుటివాడి మోకాలికి ఠప్పున తగిలింది. ముఖాన నీళ్లు కొట్టారు, లేచాడు, అంతా ఈలలు వేశారు. వాడు నేరుగా అవతలి జట్టు వైపు వెళ్లి నిలబడ్డాడు. స్కోరెంతని రెండుసార్లు అడిగాడు. అయినా తర్వాతి కూతకు మళ్లీ వాణ్నే పంపారు!

తలకు దెబ్బ తగిలి మెదడు అదిరి, ఇలా తికమకపడటాన్నే కంకషన్ అంటారు. పెరుగు గిన్నె ఒళ్లో పెట్టుకుని కావలి నుంచి నెల్లూరుకు బస్సులో వెళ్లండి. గిన్నెకు చిన్న సొట్ట కూడా పడదు. మూత తీస్తే పెరుగు చెదిరి, నీరు తేలి ఉంటుంది. పుర్రె గిన్నె, మెదడు పెరుగు. సీటీ స్కాన్ చూసేది ఎముక విరిగిందా, లోపల రక్తం కారిందా అని. కంకషన్‌లో అది మామూలుగా నార్మలే వస్తుంది. దెబ్బ తగిలింది కణాల పనితీరుకి. పొటాషియం కణం బయటికి, కాల్షియం లోపలికి పోతాయి. అదంతా సర్దుకోవడానికి గ్లూకోజు ఎక్కువ కావాలి, సరిగ్గా అప్పుడే రక్తప్రసరణ తగ్గుతుంది. అందుకే తలనొప్పి, మగత, చదివింది గుర్తుండకపోవడం. స్పృహ తప్పితేనే కంకషన్ అనుకోకండి, చాలామందికి స్పృహ తప్పదు.

పిల్లలదైతే ఇంకా తోడుకుంటున్న పెరుగు. తోడేసిన గిన్నెను అమ్మ ఎవర్నీ కదపనివ్వదు కదా! పెద్దలకు రెండు వారాల్లో తగ్గేది పిల్లలకు నాలుగు వారాలు పట్టొచ్చు. తేరుకోకముందే మరో దెబ్బ పడితే, చిన్నదైనా సరే, మెదడు ఉబ్బి ప్రాణం మీదికి రావొచ్చు. అరుదే, కానీ ఎక్కువగా కుర్రాళ్లలోనే చూస్తాం. 2006లో అమెరికాలో 13 ఏళ్ల జాకరీ లిస్టెడ్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతూ తలకు దెబ్బ తగిలాక అదే మ్యాచ్‌లో మళ్లీ దిగి కుప్పకూలాడు. 2009లో వాషింగ్టన్ రాష్ట్రం ఆ అబ్బాయి పేరుతోనే చట్టం చేసింది.

పెరుగు పోలిక ఒక్కచోట కుదరదు. చెదిరిన పెరుగు మళ్లీ తోడుకోదు. మెదడు కోలుకుంటుంది, మనం కదపకుండా ఉంటే.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్తా. క్రికెట్‌లో 2019 నుంచి కంకషన్ సబ్‌స్టిట్యూట్ ఉంది, అంటే తలకు దెబ్బ తగిలినవాడి బదులు ఇంకొకర్ని దించొచ్చు. 2020లో కాన్‌బెర్రాలో జడేజా తలకు బంతి తగిలితే చాహల్ దిగాడు. మన ఊరి కబడ్డీ కోర్టులో కూడా అంతే: అనుమానం వస్తే ఆ రోజుకు ఆట బంద్. ఒకట్రెండు రోజులు విశ్రాంతి, తర్వాత నడక, పరుగు, ఒంటరి ప్రాక్టీసు, ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు. పట్లు పట్టడం డాక్టరు సరేనన్నాకే. వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతున్నా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆసుపత్రికి. ఆ రాత్రి పిల్లాడి పక్కన ఎవరో ఒకరు పడుకోండి.